వద్దుగారు తినే చోట్లు

మా ఊళ్ళో పాలు, వెన్న, గుడ్డు, మాంసం ఏదీ ముట్టని మనిషి బయట భోజనం చెయ్యాలంటే ఎవరిని అడగాలో చాలామందికి తెలుసు. పొయ్యిలు బాగుచేసే వద్దుగారిని అడగాలి. ఇంట్లో పెట్టిన పేరు ఆయనకూ ఒకటి ఉండే ఉంటుంది. కానీ ఏ వంటింట్లో అడుగుపెట్టినా "టీ తాగుతారా?" అంటే "వద్దు", "పోనీ కాఫీ?" అంటే "వద్దు", "ఈ కేకు ముక్కైనా నోట్లో వేసుకోండి" అంటే "వద్దండీ" అనడంతో ఈ పేరు స్థిరపడిపోయింది. చివర 'గారు' మాత్రం జనం మర్యాదకు తగిలించారు. అంత మెత్తగా వద్దనేవాళ్ళు తక్కువ.

నేను పనిచేసిన అచ్చాఫీసూ ఆయన మధ్యాహ్నం తినే హోటలూ ఒకే వీధిలో ఉండేవి. ఆయన తినని వస్తువులన్నీ నేను తింటాను. అయినా పదేళ్ళకు పైగా ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని భోజనం చేశాం. ఆయన ఒక్కసారి కూడా నా కంచం వంక అదోలా చూడలేదు.

ఆయన పని హోటళ్ళలో ఉండే పెద్ద గ్యాసు పొయ్యిలతో. భుజాన ఒక బరువైన సంచి, అందులో ఇత్తడి బ్రష్షు, రెండు పానాలు, బర్నరు కన్నాలు పొడవడానికి సన్నటి తీగలు. పొయ్యి విప్పితే ఆయనకు ఆ వంటింటి చరిత్ర అంతా తెలిసిపోయేది. పాలు పొంగి కాలితే గోధుమరంగు పెచ్చు కడుతుంది. చక్కెర పాకమైతే నల్లటి గాజులా అతుక్కుంటుంది. నూనె మడ్డి జిగురుగా సాగుతుంది. ఆ మడ్డిలో ఆవగింజకంటే చిన్న నల్లటి పొక్కులు కనిపిస్తే అది వెన్న. గోటితో గీకి వేళ్ళ మధ్య నలిపి వాసన చూసేవాడు.

"యజమాని నోరు ఎన్నైనా చెబుతుందండీ. పొయ్యికి ఆ తెలివి లేదు" అనేవాడు నాతో.

ఆయనకు పొయ్యిపని వెన్నతో పెట్టిన విద్య అని నేనొకసారి వాళ్ళింట్లో మెచ్చుకోబోతే ఇంటావిడ నా మాటకు అడ్డం పడింది. "వెన్న అనకండి బాబూ, ఆ పని కూడా మానేస్తారు!"

ఇరవై నాలుగేళ్ళ వయసులో ఆయన ఒక పాల ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర ఆరు నెలలు పనిచేశాడు. అక్కడ ఏం చూశారని అడిగాను. "దూడల్ని" అన్నాడు. "చూశాను, ఇక వద్దనుకున్నాను, అంతేనండీ. మిగతావాళ్ళని చూడమని ఎందుకు అంటాను?" అన్నాడు. ఆ విషయంలో ఆయన నోటినుంచి నేను విన్నది ఇంతే.

అడిగినవాళ్ళకు మాత్రం చీటీలు రాసి ఇచ్చేవాడు. బర్నరు సామాన్లు వచ్చే అట్టపెట్టెల్ని కత్తిరించి, వెనకవైపు గుండ్రటి అక్షరాలతో రాసేవాడు. నా దగ్గరకు అక్షరదోషాలు చూడమని తెచ్చేవాడు కాబట్టి కొన్ని గుర్తున్నాయి.

'బస్టాండు వెనక, మెట్లకింద రొట్టెల దుకాణం. పొద్దున రొట్టె తినవచ్చు. సాయంత్రం రొట్టె వద్దు. నిగనిగలాడాలని పైన పాలు రాస్తారు.'

'ఆస్పత్రి ఎదురుగా మూడో హోటలు. అన్నం, ఆకుకూర మంచివి. సూపులో ఎముక ఉడికింది. అడిగితే లేదంటాడు. ఉంది.'

'కోర్టు పక్క టిఫిను బండి. పెనానికి రాసేది నూనే. కానీ బండాయన భార్య వచ్చిన రోజు వెన్న రాస్తుంది. ఆవిడ వచ్చిందేమో చూసుకుని కూర్చోవాలి.'

అన్నిటికంటే పైన ఉండే చీటీ మా వీధిలోని పెద్దక్క హోటలుది. అయిదు బల్లల చోటు. వంటా వడ్డనా అన్నీ పెద్దక్కే. మా ఇద్దరికంటే నాలుగైదేళ్ళు పెద్దది, గొంతు పదిళ్ళకు వినిపిస్తుంది. ఆవిడ వంటింట్లో నాలుగు పొయ్యిలుండేవి. గోడవైపున్న చిన్న పొయ్యి, దాని మీద ఒక గిన్నె, ప్రత్యేకంగా వద్దుగారి కోసం. అందులో చిక్కుడుగింజల కూర చేసేది. ఆ చీటీ మీద ఆయన ఒకే వాక్యం రాశాడు: 'ఇక్కడ కళ్ళు మూసుకుని తినవచ్చు.'

ఆ కూరను ఆయన మెచ్చుకోని రోజు లేదు. "ఊరంతా తిన్నానండీ. ఈ రుచి ఇంకెక్కడా లేదు" అనేవాడు. నేను కూడా రెండుసార్లు రుచి చూశాను. నిజమే, బ్రహ్మాండంగా ఉండేది.

ఊళ్ళో ఇన్ని పొయ్యిలు విప్పిన మనిషి, ఆ హోటల్లో పొయ్యిని మాత్రం ఒక్కసారీ విప్పలేదు. పెద్దక్క విప్పనివ్వలేదు. "అన్నం తినడానికి వచ్చినవాడిచేత పని చేయించుకుంటానా? తమ్ముడూ, నువ్వు కూర్చో" అని, వేరే వీధి మేస్త్రీని పిలిపించుకునేది.

ఒక ఏడు దగ్గరిచూపు తగ్గి, వద్దుగారు కళ్ళద్దాలు చేయించుకోవడానికి వెళ్ళాడు. దుకాణంలో అద్దాలు బిగించే అమ్మాయి ఆయన సంచి చూసి, "మీరేనా బాబాయిగారూ, వద్దుగారంటే?" అని అడిగింది. తన కూతురికి పాలు పడవని చెప్పింది. పడకపోవడమంటే కడుపునొప్పి కాదు. పక్కింటివాళ్ళు ప్రేమగా ఇచ్చిన ఒక బిస్కెట్టుతో గొంతు వాచి, ఊపిరి ఆడక, రెండు రోజులు ఆస్పత్రిలో ఉంది. అప్పటినుంచి ఆ పాప ఇల్లు దాటి మెతుకు తినలేదు. వచ్చే ఆదివారానికి ఏడేళ్ళు నిండుతాయి.

"బొమ్మ కొనిపెడతానంటే వద్దంది" అంది ఆ అమ్మాయి. "హోటల్లో కూర్చోవాలట. ఎవరో వచ్చి, ఏం కావాలి అని తనని అడగాలట. ఎక్కడికి తీసుకెళ్ళమంటారు?"

వద్దుగారు ఆలోచించకుండా పైచీటీ తీసి ఇచ్చాడు.

ఆదివారానికి ఒకరోజు ముందు, శనివారం పదకొండింటికి, పెద్దక్క వంటింట్లో చిన్నపొయ్యి మంట ఒక పక్కకే ఎగదన్నడం మొదలుపెట్టింది. మామూలుగా వచ్చే మేస్త్రీ కాలు విరిగి మంచంలో ఉన్నాడు. వద్దుగారు అప్పుడే భోజనానికి వచ్చాడు. నేను బల్ల దగ్గరే ఉన్నాను. "ఈ ఒక్కసారికీ చెయ్యి వెయ్యనా అక్కా?" అంటే, "సరే, నీ పొయ్యే కదా, నువ్వే చూసుకో" అని లోపలికి రానిచ్చింది.

ఆయన బర్నరు మూత తీశాడు, కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు, గోటితో గీకాడు. చాలాసేపు వాసన చూశాడు. ముప్పై రెండేళ్ళ కిందట వదిలేసిన రుచిని నాలుక మరిచిపోయింది గాని, రోజూ పొయ్యిలు విప్పే ముక్కుకు మరుపెలా వస్తుంది?

"అక్కా, ఈ పొయ్యి మీద ఏం చేస్తావు?"

"నీ కూరే. ఇంకేం చేస్తాను?"

"ఇంకేమీ కరిగించవా?"

పెద్దక్క ఉల్లిపాయ కోస్తున్న చెయ్యి ఆగింది. "ఇప్పుడా గొడవెందుకు నీకు?"

ఆయన వేలు చూపించాడు. "వెన్న."

"ఒక్క చెంచా!" అంది పెద్దక్క. దొరికిపోయినదాని గొంతు కాదది, దెబ్బలాటకు దిగినదాని గొంతు. "ఒక్క చెంచాకే కొంపలు మునిగాయా? మొదట్లో వచ్చినప్పుడు ఎలా ఉన్నావో తెలుసా? చీపురుపుల్లకి చొక్కా తొడిగినట్టు. అంత సంచి మోసేవాడు ఉత్త గింజలు తిని ఎలా బతుకుతాడు? మా అమ్మ చెప్పేది, వండింది అందరికీ పెట్టు, కావలసినవాళ్ళకి చివర్లో ఒక చెంచా ఎక్కువ వెయ్యి అని. గరిటెలో కరిగించి పైన పోస్తాను. అంతే."

"ఎన్నాళ్ళనుంచి?"

"నువ్వు నన్ను అక్కా అని పిలిచినప్పట్నుంచి."

అంటే పదకొండేళ్ళు.

"నేను వద్దన్నాను కదా అక్కా."

"ఎవరు వద్దనరు? రెండోసారి వడ్డిస్తుంటే అందరూ చెయ్యి అడ్డం పెట్టి వద్దనే అంటారు. వద్దన్నారు కదా అని ఊరుకుంటే వడ్డించేవాళ్ళకి మర్యాద ఉన్నట్టా?"

ఆయన కోప్పడలేదు. ఆయనకు వేరే అనుమానం వచ్చిందని మొహం చూస్తే తెలిసింది. "నా చీటీ పట్టుకుని వచ్చేవాళ్ళకి?" అని మెల్లగా అడిగాడు.

"వాళ్ళకీ వేస్తాను. నీ మనుషులకి తక్కువ చేస్తే నీకు తలవంపులు కాదూ?"

అప్పుడాయన కళ్ళద్దాల అమ్మాయి సంగతి, పాప సంగతి, బిస్కెట్టు సంగతి చెప్పాడు. రేపు మధ్యాహ్నం ఆ పాప ఈ బల్ల దగ్గరికే వస్తుందని చెప్పాడు. వింటూ వింటూ పెద్దక్క ఉల్లిపాయల బస్తామీద కూలబడింది. ఆ గొంతు అంత చిన్నగా మాట్లాడగలదని అంతకుముందు నాకు తెలియదు.

"ఎంత పని చేసేదాన్ని తమ్ముడూ. పసిపిల్లకి, నా చేత్తో, ఒక చెంచా ఎక్కువ కూడా వేసుండేదాన్ని."

కాసేపటికి కళ్ళు తుడుచుకుని ఆయన చెయ్యి పట్టుకుంది. "ఆ అమ్మాయికి మాత్రం చెప్పకు. వెన్న అన్నది ఇంట్లోనే లేకుండా చేస్తాను. గిన్నె కొత్తది, గరిటె కొత్తది. రేపు వస్తారు, తింటారు, వెళ్తారు. ఎవరికి తెలుస్తుంది? చెబితే ఇంకెక్కడికీ తీసుకెళ్ళదు ఆ పిల్లని."

ఆ మాటలో సగం న్యాయముంది. ఆయన కూర తినలేదు. ఉత్త రొట్టె రెండు ముక్కలు తిని లేచాడు.

ఆ మధ్యాహ్నం కళ్ళద్దాల దుకాణం ముందునుంచి అటు రెండుసార్లు, ఇటు రెండుసార్లు నడిచానని తరువాత నాకు చెప్పాడు. చెబితే పాప మొదటి హోటలు భోజనం పోతుంది. చెప్పకపోతే తాను రాసే ఏ చీటీకీ విలువ ఉండదు, అది తన ఒక్కడికే తెలిసినా సరే. అయిదోసారి లోపలికి వెళ్ళాడు.

ఆ అమ్మాయి అంతా విని తన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"మీరు పొయ్యి విప్పకపోయి ఉంటే?"

"రేపు మీరు అదే తినేవాళ్ళమ్మా."

"కళ్ళు మూసుకుని తినవచ్చని రాశారు."

"రాశాను. నేనూ అలాగే తిన్నాను, పదకొండేళ్ళు."

ఎవరో వచ్చి ఫ్రేము వదులైందంటే ఆ అమ్మాయి బిగించి ఇచ్చి పంపింది. తరువాత, "ఇంటికెళ్ళి దానికేం చెప్పాలి బాబాయిగారూ? వారంనుంచి అద్దం ముందు నిలబడి, 'నాకు అన్నం కావాలండీ, ఇంకొంచెం వెయ్యండీ' అని ప్రాక్టీసు చేస్తోంది" అంది.

ఆయన తల వంచుకున్నాడు.

"నాకు చెప్పొద్దని ఆవిడ మీతో అనలేదా?"

"అంది."

"అయినా వచ్చారు." మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకుంది. "ముందు రేపు పదింటికి నేనొక్కదాన్నే వస్తాను. మొదట్నుంచి చివరిదాకా వంట నా కళ్ళముందు జరగాలి. ఏ మాత్రం నచ్చకపోయినా వెళ్ళిపోతాను. ఏమీ అనుకోకూడదు."

ఆదివారం సంగతికి ముందు ఇంకొకటి చెప్పాలి. ఆ తరువాతి రెండు వారాలు వద్దుగారు పని అయ్యాక, పెద్దక్క చీటీ తీసుకున్న ప్రతివాళ్ళ గుమ్మమూ ఎక్కి నిజం చెప్పివచ్చాడు. నలభైమందికి పైనే. ఒకావిడ మొహం మీద తలుపు వేసింది. ఒక వ్యాయామం మాస్టారు మాత్రం తొడ చరిచి, "అందుకా అంత రుచి! నా మీద నాకే అనుమానం వచ్చిందయ్యా, రోజూ కలలోకి వచ్చేది ఆ కూర!" అని నవ్వాడట. ఇంట్లో ఇంటావిడ, "పదకొండేళ్ళు తిన్నా చీపురుపుల్ల చీపురుపుల్లగానే ఉన్నారు. ఆ వెన్న ఎక్కడికి పోయిందో?" అందట. అది విన్నాకే ఆయన మొదటిసారి నవ్వాడు.

ఇక ఆదివారం. పెద్దక్క తెల్లారకముందే లేచి వంటిల్లు గోడలతో సహా కడిగింది. హోటలు తలుపు సగం వేసి, 'ఇవాళ మూడింటి వరకు లేదు' అని బోర్డు పెట్టింది. వెన్న డబ్బా మా ఇంటికి పంపేసింది. దాని గతి ఏమైందో నేను చెప్పనవసరం లేదు. వద్దుగారు నాలుగు పొయ్యిలూ ఊడదీసి, భాగాలన్నీ సోడా నీళ్ళలో మరగబెట్టి, బ్రష్షుతో తోమి, ఎండలో గుడ్డ మీద ఆరబెట్టాడు. నేను మళ్ళీ మళ్ళీ నీళ్ళు తోడి ఇచ్చాను. నాకు చేతనైంది అదొక్కటే.

పదింటికి ఆ అమ్మాయి వచ్చింది. దుకాణంలో అద్దాలమీద గీతలు చూసే భూతద్దం వెంట తెచ్చుకుంది. కొత్త గిన్నెను వెలుతురులో తిప్పి తిప్పి చూసింది.

పెద్దక్క నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "నలభై ఏళ్ళుగా వండుతున్నాను. నా గిన్నెని భూతద్దంలో చూసినవాళ్ళు లేరు." అని వెంటనే తగ్గింది. "చూడు తల్లీ, బాగా చూడు. చూడాల్సిందే."

"ఇక్కడేదో మచ్చ ఉంది పెద్దమ్మా."

"అది కంపెనీ ముద్రే పిల్లా!"

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ తరువాత ఆ అమ్మాయి గింజల సంచి కొత్తదేనా అని చూసింది, నూనె సీసా మూత ఎవరు విప్పారని అడిగింది, పెద్దక్కచేత చేతులు రెండుసార్లు కడిగించింది. పెద్దక్క చిన్నపిల్లలా చేతులు చాచి, గోళ్ళు కూడా చూపించింది. కూర ఉడికినంతసేపూ ఇద్దరూ గిన్నెకు చెరోవైపు నిలబడ్డారు. దించే సమయానికి పెద్దక్క చెయ్యి అలవాటు చొప్పున పై అరమీదకు వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. చెయ్యి వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకుంది. ఆ అమ్మాయి చూసింది.

పన్నెండున్నరకు తండ్రి వేలు పట్టుకుని పాప వచ్చింది. రెండు జడలు, కాళ్ళకు కొత్త చెప్పులు. కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకు అందలేదు. తల్లి మందుల సంచి బల్లమీద అందేచోట పెట్టుకుంది.

పెద్దక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి, వంగి, ఊళ్ళో పెద్దమనిషిని అడిగినట్టు, "ఏం కావాలండీ?" అని అడిగింది.

పాప వారం రోజుల పాఠమూ మరిచిపోయింది. తల్లి వంక చూసింది, తండ్రి వంక చూసింది. తరువాత గొంతు సవరించుకుని, "ఏమున్నాయి?" అంది.

పెద్దక్క నవ్వు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. "చిక్కుడుగింజల కూర, అన్నం. లేదంటే అన్నం, చిక్కుడుగింజల కూర."

పాప కాసేపు ఆలోచించి, "రెండోది" అంది.

అన్నం వచ్చింది. పాప తినడం మొదలుపెట్టింది. మేం అయిదుగురం ఆ పెదవుల్ని, ఆ గొంతును చూస్తూ కూర్చున్నాం. తల్లి చెయ్యి మందుల సంచి మీదనుంచి కదలలేదు. అయిదు నిమిషాలు గడిచాయి. పది అయ్యాయి. పాప తల ఎత్తి, "అందరూ నన్నే ఎందుకు చూస్తున్నారు? మీ అన్నం మీరు తినండి" అని కసిరింది.

వద్దుగారు ఉలిక్కిపడి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకో ముద్ద తిన్నాడు.

"అక్కా, ఉప్పేమైనా తగ్గిందా?"

"ఉప్పు సరిగ్గానే ఉంది నాయనా. తగ్గింది ఉప్పు కాదు."

ఆయన కాసేపు కంచంలోకి చూశాడు. పదకొండేళ్ళు ఊరంతా చెప్పుకున్న రుచి ఏదో ఆయనకు అప్పుడు తెలిసినట్టుంది. "తగ్గనీ" అన్నాడు. అని, కంచం ఖాళీ చేశాడు. పెద్దక్క మాత్రం ఓటమి ఒప్పుకోలేదు. "వెల్లుల్లి ఎర్రగా వేయించి చూస్తాను, రేపు రా. అది కాకపోతే నువ్వులు నూరి వేస్తాను. ఏం వేసినా ముందు నీకు చెప్పే వేస్తాలే" అంది.

గంట గడిచింది. పాప ముక్కు మీద చెమట తప్ప ఏమీ పట్టలేదు. "ఇంకొంచెం వెయ్యండీ" అన్న మాట మాత్రం గుర్తొచ్చి, అనేసింది. పెద్దక్క రెండు గరిటెలు వేసింది. మూడోది వెయ్యబోతే పాప చెయ్యి అడ్డం పెట్టి, "వద్దు" అంది.

గరిటె గాలిలో ఆగింది. పెద్దక్క దాన్ని వెనక్కి తీసుకెళ్ళి గిన్నెలో పెట్టింది.

వచ్చేటప్పుడు తల్లి ముందున్న కంచం మీద ఆవిడ చూపు పడింది. వడ్డించింది వడ్డించినట్టే ఉంది. అన్నం పైన ఎండి పెళుసెక్కింది. పెద్దక్క అడగకుండా ఆ కంచం తీసుకెళ్ళి, వేడన్నమూ వేడికూరా పెట్టి తెచ్చింది. ఆ అమ్మాయి మందుల సంచిని బల్లమీదనుంచి తీసి కుర్చీకి తగిలించింది. పాప తండ్రికేదో కథ చెబుతోంది. ఆ అమ్మాయి అటు చూడకుండా, తల వంచుకుని, ఆకలిగా తినడం మొదలుపెట్టింది.